రెండు ప్రాసెసర్లను పోల్చినప్పుడు ఒక్కో పరీక్షలో ఒక్కో ఫలితం ఎందుకు వస్తోంది?

భార్గవి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సి++ భాషలో రాసిన ఒక పెద్ద ప్రోగ్రామ్‌ను రోజుకు చాలాసార్లు కంపైల్ చేయవలసిన (అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చవలసిన) ఉద్యోగం నాది. ఇప్పుడు వాడుతున్న ఎనిమిది కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) యంత్రం పాతబడింది కాబట్టి కొత్తది తీసుకోవాలని చూస్తూ, ఇంటెల్ కోర్ ఐ9-13900కె, ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ అనే రెండు ప్రాసెసర్ల దగ్గర ఆగిపోయాను. రెండూ 2022లో ఒక నెల తేడాతో విడుదలయ్యాయి. వీటి తర్వాత కొత్త తరాలు వచ్చిన సంగతి తెలుసు గానీ, నాకు వీలైన ఎంపిక మాత్రం ఈ రెండింటి మధ్యనే ఉంది.

ఎన్ని పోలికలు చదివితే అంత అయోమయం పెరుగుతోంది. ఒక పరీక్షలో మొదటిది ముందుంటే, మరొక పరీక్షలో రెండోది ముందుంది. అంతకంటే విచిత్రంగా, ఒకే బెంచ్‌మార్క్‌ను (వేగాన్ని కొలిచే ప్రామాణిక పరీక్షను) ఇద్దరు నడిపినప్పుడు కూడా ఒకరి దగ్గర ఇంటెల్, మరొకరి దగ్గర ఏఎండీ గెలిచింది. వివరాల పట్టిక చూస్తే ఒకదానిలో 24 కోర్లు, మరొకదానిలో 16 కోర్లు ఉన్నాయి. అయినా థ్రెడ్లు (ఏకకాలంలో నడపగల పనుల వరుసలు) మాత్రం రెండింటిలోనూ 32 అని ఉంది. గరిష్ఠ వేగం ఒకదానిది 5.8 గిగాహెర్ట్జ్, రెండోదానిది 5.7 గిగాహెర్ట్జ్. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చా? పోల్చకూడదంటే దేనిని నమ్మాలి? ఏది కొనాలో చెప్పడం కంటే, ఎలా పోల్చాలో వివరించగలిగితే నాకు ఎక్కువ మేలు చేసినవారవుతారు.

సుధాకర్ (సమాధానం)

భార్గవి గారూ, కోర్ల లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే పట్టికలో ఎక్కువ మందిని తప్పుదారి పట్టించే అంకె అదే. 13900కెలోని 24 కోర్లు ఒకే రకానివి కావు. వాటిలో ఎనిమిది పెద్ద కోర్లు, పదహారు చిన్న కోర్లు. పెద్ద కోర్ ఒక్కొక్కటి ఏకకాలంలో రెండు థ్రెడ్లను నడుపుతుంది, చిన్న కోర్ ఒకదాన్నే నడుపుతుంది. ఎనిమిది రెళ్ళు పదహారు, దానికి మరో పదహారు కలిపితే మీరు చూసిన 32 వస్తుంది. 7950ఎక్స్‌లో ఉన్న పదహారు కోర్లూ ఒకే రకానివి, ప్రతిదీ రెండు థ్రెడ్లను నడుపుతుంది కాబట్టి అక్కడా 32 వస్తుంది. అంకె ఒకటే అయినా దాని వెనుక ఉన్న నిర్మాణాలు వేరు. అలాగే 5.8 గిగాహెర్ట్జ్ అనేది పెద్ద కోర్లలో ఒకటి రెండు మాత్రమే పనిలో ఉన్నప్పుడు అందే వేగం. చిన్న కోర్ల గరిష్ఠం 4.3 గిగాహెర్ట్జ్. అన్ని కోర్లూ పనిలోకి దిగినప్పుడు రెండు ప్రాసెసర్లూ పట్టికలో రాసిన శిఖరం కంటే దిగువనే నడుస్తాయి. ఎంత దిగువన అన్నది వాటికి అందే విద్యుత్తు, వాటి వేడిని లాగే కూలర్ నిర్ణయిస్తాయి.

ఒకే బెంచ్‌మార్క్ ఇద్దరి దగ్గర రెండు రకాలుగా రావడానికి నా అనుభవంలో మొదటి కారణం ఈ విద్యుత్తే. 13900కెకు ఇంటెల్ ప్రకటించిన మూల విద్యుత్ పరిమితి 125 వాట్లు, గరిష్ఠ టర్బో (వేగం పెంచుకున్నప్పటి) పరిమితి 253 వాట్లు. చాలా మదర్‌బోర్డులు పెట్టెలోంచి తీసిన స్థితిలోనే ఆ రెండో పరిమితిని కూడా దాటనిచ్చేవి. 7950ఎక్స్‌కు పట్టికలో 170 వాట్లు అని ఉన్నా, సాకెట్ ద్వారా 230 వాట్ల వరకు తీసుకోగలదు. పైగా 95 డిగ్రీల ఉష్ణోగ్రతను చేరేదాకా వేగం పెంచుకుంటూ పోయి, అక్కడ తనను తాను సర్దుకునేలా దాన్ని రూపొందించారు. కాబట్టి ఒక పరీక్షకుడు పరిమితులు ఎత్తేసి, పెద్ద నీటి కూలర్ పెట్టి కొలిచిన ఫలితాన్ని, మరొకరు 125 వాట్లకు కట్టుబడి గాలి కూలర్‌తో కొలిచిన ఫలితంతో పోల్చడంలో అర్థం లేదు. ప్రాసెసర్ పేరు ఒకటే గానీ అక్కడ కొలిచిన వస్తువులు రెండు.

ఇక్కడ ఒక భౌతిక సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలా విషయాలు విడిపోతాయి. ట్రాన్సిస్టర్లు మారేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు, గడియార వేగానికీ వోల్టేజి వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. వేగం 10 శాతం పెంచడానికి వోల్టేజి కూడా 10 శాతం పెంచవలసి వస్తే, ఖర్చు 1.1 ఘనం, అంటే సుమారు 33 శాతం పెరుగుతుంది. శిఖరం దగ్గర చివరి కొద్దిపాటి వేగం కోసం ప్రాసెసర్లు ఇంత మూల్యం చెల్లిస్తున్నాయి కాబట్టే, పరిమితిని గణనీయంగా తగ్గించినా వేగం ఆ నిష్పత్తిలో పడిపోదు. విద్యుత్ పరిమితి ఎంతో చెప్పని పోలిక పట్టికను నేను చదవడం మానేశాను. మీరూ అలాగే చేయమని గట్టిగా చెబుతాను.

రెండో కారణం మెమరీ. 13900కె డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు తరాల మెమరీతోనూ పనిచేస్తుంది, 7950ఎక్స్‌కు డీడీఆర్5 తప్పనిసరి. ఇంటెల్ వైపు ఏ రకం మెమరీ పెట్టారో చెప్పకుండా వచ్చిన ఫలితం సగం సమాచారమే. మూడో కారణం పరీక్ష చేసిన తేదీ. 2024 ఆగస్టులో విండోస్ 11కు వచ్చిన ఒక నవీకరణ ఏఎండీ జెన్ తరం ప్రాసెసర్లలో (7950ఎక్స్ కూడా ఆ కుటుంబానిదే) బ్రాంచి ప్రిడిక్షన్ తీరును, అంటే ప్రోగ్రామ్ తర్వాత ఏ దారి పడుతుందో ముందే ఊహించే పద్ధతిని, మెరుగుపరచి కొన్ని పనులను వేగవంతం చేసింది. అదే ఏడాది ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అధిక వోల్టేజి వల్ల అస్థిరత తలెత్తుతున్నట్టు ఆ సంస్థే ఒప్పుకొని, ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే కోడ్‌ను) విడుదల చేసింది, వారంటీని కూడా రెండేళ్ళు పొడిగించింది. అందువల్ల 2022లో, పాత బయాస్‌తో (మదర్‌బోర్డులో ఉండే, యంత్రాన్ని ప్రారంభించే సాఫ్ట్‌వేర్‌తో) కొలిచిన అంకెలు ఈ రెండింటిలో ఏ ఒక్కదాని నేటి స్థితినీ చూపించవు. మీరు 13900కె వైపు మొగ్గితే, ముందుగా బయాస్‌ను నవీకరించి, ఇంటెల్ సిఫారసు చేసిన పరిమితులు పెట్టిన తర్వాతే దేనినైనా కొలవండి.

ఇక గేమ్‌ల ఫలితాలను మీరు పూర్తిగా పక్కన పెట్టవచ్చు. అక్కడ క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలి చిన్న వేగవంతమైన మెమరీ), గ్రాఫిక్స్ కార్డు ఫలితాన్ని మార్చే తీరు వేరు, అది మీ పనికి వర్తించదు.

మాధవీలత (సమాధానం)

సుధాకర్ గారు చెప్పిన వాటితో ఏకీభవిస్తూనే, ఒక విషయం తప్పిపోయిందని చెప్పాలి. షరతులన్నీ సమానం చేసి కొలిచినా కూడా, చివరలో వేసే సగటు దగ్గర విజేత తారుమారు కావచ్చు. భార్గవి గారు చదివిన పోలికల్లో చాలా వాటిలో చివరి వాక్యం ‘మొత్తం మీద ఇంత శాతం ముందుంది’ అని ఉండే ఉంటుంది. ఆ శాతం ఎలా వచ్చిందో అడగకుండా ముందుకు పోకూడదు.

చిన్న లెక్కతో చూపిస్తాను. ఒక ప్రాసెసర్‌ను ‘అ’ అనీ, మరొకదాన్ని ‘ఆ’ అనీ అనుకుందాం. మొదటి పనిని ‘అ’ 10 సెకన్లలో, ‘ఆ’ 20 సెకన్లలో పూర్తి చేశాయి. రెండో పనిని ‘అ’ 100 సెకన్లలో, ‘ఆ’ 50 సెకన్లలో పూర్తి చేశాయి. ‘అ’ను ప్రమాణంగా తీసుకుంటే ‘ఆ’కు పట్టిన సమయం మొదటి పనిలో రెట్టింపు, రెండో పనిలో సగం. 2, 0.5ల అంకమధ్యమం (మామూలు సగటు) 1.25 కాబట్టి ‘ఆ’ 25 శాతం ఎక్కువ సమయం తీసుకుంటుందని రాయవచ్చు. ఇప్పుడు ‘ఆ’ను ప్రమాణంగా పెట్టండి. సరిగ్గా అవే అంకెలు ఎదురు తిరిగి, ఈసారి ‘అ’ 25 శాతం ఎక్కువ సమయం తీసుకుంటుందని తేలుతుంది. ఒకే కొలతల నుంచి, ఎవరూ అబద్ధం చెప్పకుండానే, పరస్పర విరుద్ధమైన రెండు తీర్పులు వచ్చాయి.

ఈ చిక్కును తప్పించడానికే స్పెక్ సీపీయూ వంటి బెంచ్‌మార్క్‌లలో నిష్పత్తులకు గుణమధ్యమం (విలువలను గుణించి మూలం తీసే సగటు) తీసుకుంటారు. పై లెక్కలో అది రెండు వైపులా 1 వస్తుంది, అంటే రెండూ సమానం. ప్రమాణం మార్చినా తీర్పు మారదు కాబట్టి అది అంకమధ్యమం కంటే నిజాయితీ గల సగటు. అయితే నా ఉద్దేశంలో అది కూడా మీ ప్రశ్నకు జవాబు కాదు. మొత్తం సమయం కూడితే ‘అ’కు 110, ‘ఆ’కు 70 సెకన్లు పట్టాయి, మీరు రెండు పనులనూ ఒక్కోసారి చేసేవారైతే ‘ఆ’ స్పష్టంగా మేలు. కానీ రెండో పని ఒకసారి చేసేలోగా మొదటి పని పదిసార్లు చేసేవారైతే, ‘అ’కు 200 సెకన్లు, ‘ఆ’కు 250 సెకన్లు పడుతుంది, ‘అ’ మేలు. మీరు ఏ పనిని ఎన్నిసార్లు చేస్తారన్న లెక్క ఏ పరీక్షకుడి దగ్గరా ఉండదు, అది మీ దగ్గరే ఉంది.

మరో మాట. పరీక్షలో పెట్టిన ప్రోగ్రామ్ ఏదన్నది కూడా తీర్పును ముందే సగం రాసేస్తుంది. బెంచ్‌మార్క్‌లు తయారుచేసే స్పెక్ సంస్థ 1989లో తెచ్చిన తొలి సమాహారంలో మ్యాట్రిక్స్300 అనే ప్రోగ్రామ్ ఉండేది. కంపైలర్లు దానిలోని మాత్రికల గుణకారాన్ని ప్రత్యేకంగా పట్టుకొని పునర్వ్యవస్థీకరించడం మొదలుపెట్టేసరికి దాని అంకెలు యంత్రం శక్తితో సంబంధం లేకుండా ఎగబాకాయి, 1992 సమాహారంలో దాన్ని తీసివేశారు. ఈనాటి ఉదాహరణ కావాలంటే ఏవీఎక్స్-512 ఆదేశాలను, అంటే ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసే ఆదేశాలను చూడండి. అవి 7950ఎక్స్‌లో ఉన్నాయి, 13900కెలో అందుబాటులో లేవు. వాటిని బాగా వాడుకునే ప్రోగ్రామ్‌లను నాలుగింటిని పోగుచేస్తే ఒక తీర్పు వస్తుంది, అసలు వాడని నాలుగింటిని పోగుచేస్తే ఇంకో తీర్పు వస్తుంది. సాధారణంగా సి++ కంపైలర్ పనికి వాటితో పెద్దగా అవసరం ఉండదు కాబట్టి ఆ తేడాను మీరు లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

భార్గవి

ఇద్దరికీ ధన్యవాదాలు. మాధవీలత గారి లెక్కను కాగితం మీద మళ్ళీ వేసుకొని చూసిన తర్వాతగానీ నాకు నమ్మకం కలగలేదు. మీ మాట ప్రకారం నా పనినే విడగొట్టి చూశాను. మా ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి మొత్తం కంపైల్ చేస్తే ఇప్పటి ఎనిమిది కోర్ల యంత్రం మీద సుమారు 12 నిమిషాలు పడుతోంది. అందులో పది నిమిషాల పాటు అన్ని కోర్లూ నిండుగా పనిచేస్తున్నాయి, చివరి రెండు నిమిషాలు లింకర్ (కంపైల్ అయిన ముక్కలన్నింటినీ ఒక ప్రోగ్రామ్‌గా కలిపే సాధనం) ఒక్కటే, దాదాపు ఒకే కోర్ మీద నడుస్తోంది. అయితే మొత్తం కంపైల్ చేసేది రోజుకు ఒకటి రెండు సార్లే. మిగిలిన సమయమంతా ఒకటో రెండో ఫైళ్ళు మార్చి, మళ్ళీ లింక్ చేసి, పరీక్షించుకోవడంతోనే సరిపోతోంది. ఇది లెక్కను మారుస్తుందా?

రామ్మోహన్ (సమాధానం)

చాలా మారుస్తుంది. మీరు ఇప్పుడు రాసిన నాలుగు వాక్యాలు, మీరు ఇంతవరకు చదివిన పోలికలన్నింటికంటే విలువైనవి.

1967లో కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ ప్రతిపాదించిన వాదన ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. పంచుకోగలిగిన భాగం ఎంత వేగవంతమైనా, పంచుకోలేని భాగం అలాగే నిలబడి ఉంటుంది. కోర్లు ఎనిమిది నుంచి పదహారు అయ్యాయి, ఒక్కో కోర్ వేగం మారలేదు అనుకుందాం. మీ పది నిమిషాలు ఐదు అవుతాయి, లింకర్ తీసుకునే రెండు నిమిషాలు రెండుగానే ఉంటాయి, మొత్తం ఏడు. ముప్పై రెండు కోర్లు పెట్టినా నాలుగున్నర నిమిషాలే. కోర్లు నాలుగింతలు అయినా పని మూడింతల వేగం కూడా అందుకోలేదు. ఇక మీరు రోజంతా చేసే పనిలో, అంటే ఒక ఫైలు మార్చి మళ్ళీ లింక్ చేయడంలో, కోర్ల సంఖ్యకు దాదాపు పాత్రే లేదు. అక్కడ కావలసింది ఒంటరి కోర్ వేగం. ఆ విషయంలో ఈ రెండు ప్రాసెసర్ల మధ్య తేడా మీ కంటికి కనిపించేంత ఉండదని నా అంచనా.

ఒంటరి కోర్ వేగం అనగానే మళ్ళీ గిగాహెర్ట్జ్ వైపు చూడకండి. నేను ఈ రంగంలోకి వచ్చిన కాలంలో ఆ పొరపాటు అందరూ చేశారు, నేనూ చేశాను. 2000 నవంబరులో ఇంటెల్ పెంటియం 4ను 1.4, 1.5 గిగాహెర్ట్జ్ వేగాలతో విడుదల చేసింది. ఆ వేగం అందుకోవడానికి దాని పైప్‌లైన్‌ను, అంటే ఒక్కో ఆదేశం దాటవలసిన దశల వరుసను, 20 దశలుగా పొడిగించారు. పైప్‌లైన్ ఎంత పొడవైతే, బ్రాంచిని తప్పుగా ఊహించినప్పుడు పారబోయవలసిన పని అంత ఎక్కువ. అందువల్ల ఒక్కో గడియార స్పందనలో అది పూర్తి చేసే పని తగ్గింది. ఏఎండీ దీన్ని ఎదుర్కోవడానికి 2001లో తన ప్రాసెసర్లకు గిగాహెర్ట్జ్ బదులు పోలిక సంఖ్యలు పెట్టింది. అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అసలు నడిచేది 1.53 గిగాహెర్ట్జ్ దగ్గర. 2004లో పెంటియం 4 కొత్త రూపంగా వచ్చిన ప్రెస్కాట్ పైప్‌లైన్ 31 దశలకు చేరింది, వేడి భరించరానిదైంది. అదే ఏడాది ఇంటెల్ దాని తర్వాత రావలసిన తేజస్ అనే నమూనాను రద్దు చేసుకుంది. 2006లో కోర్ 2 డ్యుయో వచ్చినప్పుడు దాని గడియార వేగం పెంటియం 4 కంటే బాగా తక్కువ, చేసే పని మాత్రం ఎక్కువ. ఆ ఆరేళ్ళ చరిత్ర తెలిసినవారికి 5.8కీ 5.7కీ మధ్య తేడా ఏమీ చెప్పదు.

అయితే మీకు అంతకంటే పెద్ద మేలు చేసేది ప్రాసెసర్ కాదు, లింకర్. మీరు ఇంకా పాత జీఎన్‌యూ లింకర్‌నే వాడుతున్నట్టున్నారు. అది పనిని కోర్ల మధ్య పంచదు. ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టుకు చెందిన ఎల్‌ఎల్‌డీ లింకర్ గానీ, మోల్డ్ అనే లింకర్ గానీ పెట్టి చూడండి. ఈ రెండూ పనిని చాలా థ్రెడ్ల మధ్య పంచుకునేలా రాసినవే, మోల్డ్‌ను ప్రత్యేకించి ఆ లక్ష్యంతోనే రూపొందించారు. యంత్రం కొనకముందే ఈ మార్పు చేసి, తర్వాత మళ్ళీ కొలవండి. కొలిచేటప్పుడు ప్రతి పనినీ కనీసం ఐదుసార్లు నడిపి, మధ్యస్థ విలువను తీసుకోండి. మొదటిసారి డిస్కు నుంచి ఫైళ్ళు చదవవలసి వస్తుంది కాబట్టి దాన్ని విడిగా రాసుకోండి. ప్రాసెసర్ వేడెక్కేలోపే ముగిసిపోయే చిన్న పరీక్షతో పది నిమిషాల కంపైల్‌ను అంచనా వేయవద్దు.

సుధాకర్

రామ్మోహన్ గారి మాటకు చిన్న సవరణ. మొత్తం కంపైల్ విషయంలో ఆమ్‌డాల్ లెక్క కోర్లన్నీ సమానమని అనుకుంటుంది. 13900కెలో చిన్న కోర్లకు పెద్ద ఫైలు చిక్కితే, మిగిలినవన్నీ ఖాళీ అయ్యాక కూడా ఆ ఒక్క ఫైలు కోసం ఎదురుచూడవలసిన పరిస్థితి రావచ్చు. వేలాది చిన్న ఫైళ్ళు ఉన్న ప్రాజెక్టులో ఇది కనబడదు, కొద్ది భారీ ఫైళ్ళు ఉన్నచోట కనబడుతుంది. మీ ప్రాజెక్టులో కంపైల్ కావడానికి అన్నింటికంటే ఎక్కువ సమయం తీసుకునే ఫైలు ఏదో చూడండి.

భార్గవి

మోల్డ్ పెట్టాను. రెండు నిమిషాల లింకింగ్ పాత యంత్రం మీదే పదిహేను సెకన్ల లోపుకు వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ రెండు నిమిషాలు ప్రాసెసర్ తప్పిదమనుకుంటూ గడిపినందుకు బాధగా ఉంది. సుధాకర్ గారు చెప్పినట్టు ఫైళ్ళను కూడా చూశాను. మా దగ్గర సుమారు మూడు వేల ఫైళ్ళు ఉన్నాయి, ఏ ఒక్కటీ నలభై సెకన్లకు మించడం లేదు. కాబట్టి ఇప్పుడు మిగిలింది పది నిమిషాల భాగమే, అది కోర్ల మధ్య చక్కగా పంచుకోగలిగినదే. ఆ లెక్కన రెండు ప్రాసెసర్లూ పనికివస్తాయి గనుక, తక్కువ విద్యుత్ పరిమితిలో నిలకడగా నడిచే యంత్రం వైపు మొగ్గుతూ 7950ఎక్స్‌ను ఎంచుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. 32 కంపైలర్లు ఒకేసారి నడిస్తే ఒక్కోటి సుమారు ఒకటిన్నర గిగాబైట్ మెమరీ తీసుకుంటోంది. 16 గిగాబైట్ల ముక్కలు నాలుగు పెట్టనా, 32 గిగాబైట్ల ముక్కలు రెండు పెట్టనా?

మాధవీలత

రెండే పెట్టండి. 7950ఎక్స్‌కు ఏఎండీ ప్రకటించిన మెమరీ వేగం రెండు ముక్కలతో డీడీఆర్5-5200. నాలుగు పెడితే అది డీడీఆర్5-3600కు పడిపోతుంది. 32 కంపైలర్లకు మీ లెక్క ప్రకారం 48 గిగాబైట్లు కావాలి, 64లో మిగిలినది ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ళను మెమరీలోనే ఉంచుకోవడానికి సరిపోతుంది. యంత్రం వచ్చాక బయాస్‌లో ఎకో మోడ్‌ను (విద్యుత్ పరిమితిని తగ్గించే అమరికను) ఒకసారి 105 వాట్ల దగ్గర, ఒకసారి 65 వాట్ల దగ్గర పెట్టి అదే పది నిమిషాల భాగాన్ని కొలవండి. మొదటి పరిమితి దగ్గర మీరు కోల్పోయే సమయం చాలా తక్కువగా ఉంటుందని అనుకుంటున్నాను.